కార్డు తిప్పి చూస్తే కృష్ణా డెల్టా

బెజవాడ పాత ఫొటో ఏదైనా ఫోన్లలో తిరుగుతోందంటే అందులో ఆనకట్టో, కృష్ణ మీద రైలు వంతెనో, ఇంద్రకీలాద్రో ఉంటుంది. చూసినవాళ్లు "మన ఊరు ఎంత మారిపోయింది" అని నిట్టూర్చి నలుగురికీ పంపిస్తారు. ఆ బొమ్మల్లో కొన్నిటికి వెనకవైపు కూడా ఉంది. అక్కడ ఒక అడ్రసు, ఒక తపాలా బిళ్ల, గుండ్రటి ముద్ర, నాలుగు వరుసల చేతిరాత ఉంటాయి. స్కాన్ చేసినవాళ్లు దాన్ని వదిలేశారు. కృష్ణా డెల్టాలో ఫొటో కార్డుల చరిత్ర చెప్పుకోవాలంటే ఆ వదిలేసిన వైపు నుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

పాత కార్డులు పోగుచేసేవాళ్లు ముందుగా వాటిని రెండు కుప్పలు చేస్తారు. మొదటి కుప్ప అచ్చు కార్డులది. అవి ప్రెస్సులో వేలల్లో అచ్చయినవి. భూతద్దం పెడితే బొమ్మంతా చుక్కలుగా విడిపోతుంది. రెండోది ఫొటో కార్డుల కుప్ప. ఇవి నెగటివు నుంచి నేరుగా బ్రోమైడు కాగితం మీద తీసి కడిగిన అసలు ఫొటోలు. ఆ కాగితం వెనక పోస్టుకార్డు గీతలు ముందే అచ్చై ఉంటాయి, అంతే తేడా. ఎంత పెద్ద భూతద్దం పెట్టినా చుక్కలు కనపడవు. ముదురు నలుపు మెల్లమెల్లగా పలచబడి తెలుపులో కలుస్తుంది. బాగా పాతదైతే, కార్డును కాస్త వాల్చి వెలుతురులో చూసినప్పుడు నల్లటి చోట్ల వెండి మెరుపు తేలుతుంది. అచ్చు కార్డు వేలమంది చేతుల్లోకి వెళ్లింది. ఫొటో కార్డు పది కాపీలు తీస్తే ఎక్కువ. చాలాసార్లు మన చేతిలో ఉన్నదే మిగిలిన ఒక్క కాపీ.

కార్డు ముక్క మన దేశానికి వచ్చింది 1879 జులై 1న. అంతకు పదేళ్ల ముందు, 1869 అక్టోబరులో, ఆస్ట్రియా దాన్ని మొదలుపెట్టింది. ఇక్కడ వెల కాలణా. కవరు కొనలేనివాళ్లకు కూడా దూరపు ఊళ్లో ఉన్న మనిషితో మాట్లాడే వీలు దొరికింది. బొమ్మల కార్డులు ఆ తర్వాత ఇరవై ఏళ్లకు గాని ఊపందుకోలేదు. మొదట్లో వెనకవైపంతా అడ్రసుకే వదలాలి, కబురు ముందువైపు బొమ్మ పక్కన ఇరికించి రాయాలి. 1902లో బ్రిటన్ వెనకవైపును నిలువు గీతతో రెండు చేసి, ఒక సగం కబురుకు, ఒక సగం అడ్రసుకు ఇచ్చింది. మిగతా దేశాలూ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి, అమెరికా 1907లో. సరిగ్గా ఆ కాలంలోనే కోడక్ కంపెనీ పోస్టుకార్డు వీపు ఉన్న ఫొటో కాగితాన్ని, 1903లో కార్డు సైజు నెగటివు ఇచ్చే 3ఎ మడత కెమెరాను అమ్మకానికి తెచ్చింది. ఇక ఎవరి బొమ్మ వాళ్లే కార్డుగా తీసుకుని పంపుకోవచ్చు. 1908 జూన్‌తో ముగిసిన ఏడాదిలో అమెరికా తపాలా శాఖ చేతుల మీదుగా 67 కోట్లకు పైగా కార్డులు పోయాయి.

ఆ అలను అందుకోవడానికి మన డెల్టా అప్పటికే సిద్ధమై ఉంది. 1852–55 మధ్య, ఇంజనీరు కాటన్ ఆలోచన మీద కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో, సీతానగరం కొండకూ ఇంద్రకీలాద్రికీ మధ్య ఆనకట్ట లేచింది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ నీళ్లతో పాటు పడవలనూ మనుషులనూ మోశాయి. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1893లో పన్నెండు ఖానాల వంతెన కృష్ణను దాటింది. 1899 కల్లా మద్రాసుకు, 1908లో బందరుకు రైలు కలిసింది. ఉత్తరానికి కాలువ వేగం పోయి రైలు వేగం వచ్చింది. కొత్త జంక్షన్‌లో రైల్వే ఉద్యోగులు, కాలువల ఇంజనీర్లు, ప్లీడర్లు, బియ్యం వర్తకులు చేరారు. వాళ్లంతా ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు. కార్డు కావలసింది అలాంటివాళ్లకే.

అప్పటికి కెమెరా కూడా ఈ ప్రాంతానికి కొత్తది కాదు. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరు లినేయస్ ట్రైప్ 1858లోనే అమరావతి శిల్పాలను ఫొటోలు తీశాడు. ఇక్కడి రాళ్లు అప్పటికే మద్రాసు చేరాయి కాబట్టి అక్కడే తీశాడు. డెల్టా సంపదను డెల్టా బయటే చూసుకోవలసిన కథ అక్కడ మొదలైంది. ఫొటో కార్డుల విషయంలోనూ అదే జరిగింది.

మద్రాసులో వీల్ అండ్ క్లైన్ స్టూడియో, హిగిన్‌బాథమ్స్ లాంటి సంస్థలు కార్డులు వేశాయి. వాటి చూపంతా మద్రాసు, ఊటీ, బెంగుళూరు, మదురై మీద. దొరలు, యాత్రికులు ఎక్కడ తిరిగితే అక్కడి బొమ్మకు గిరాకీ. వరిచేను, కాలువ లాకు, రేపల్లె రోడ్డు కొనేదెవరు? అందుకే మన పల్లెల బొమ్మలు వేలల్లో అచ్చు కాలేదు. ఇక్కడ పనిచేసే మనుషులు పది కాపీలు తీయించుకున్న ఫొటో కార్డుల మీదికే అవి ఎక్కాయి.

ఆ మనుషుల్లో మిషనరీలది పెద్ద వాటా. బందరులో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో అడుగుపెట్టారు. నోబుల్ బడి 1843లో మొదలై తర్వాత కాలేజీ అయింది. గుంటూరుకు లూథరన్ మిషన్ తరఫున ఫాదర్ హయ్యర్ 1842లో వచ్చాడు. ఆ మిషన్‌లోనే డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరిచింది. ఉయ్యూరు, అవనిగడ్డల్లో కెనడా బాప్టిస్టులు ఉన్నారు. వీళ్లందరికీ సొంత దేశంలో చందాలిచ్చే సంఘాలు ఉండేవి. చందా ఆగకుండా రావాలంటే పని కళ్లకు కట్టాలి. అందుకు కార్డుకు మించిన సాధనం ఏముంది? తాటాకు బడి ముందు వరసగా కూర్చున్న పిల్లలు, బైబిలు పట్టుకున్న ఉపదేశి, ఆసుపత్రి వరండాలో నర్సులు, గూడు పడవలో ప్రయాణమైన దొరసాని లాంటి బొమ్మలు లండన్, టొరంటో, పెన్సిల్వేనియా ఇళ్లకు చేరాయి. అక్కడి మనవలు, మునిమనవలు అటకలు సర్దినప్పుడు కొన్ని వేలాలకు పోయాయి, కొన్ని గ్రంథాలయాలకు చేరాయి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అనేక సంఘాల మిషన్ ఫొటోలను ఒకచోట చేర్చి అందరూ చూసేలా పెట్టింది. మన తాతమ్మల బొమ్మలు మనింట్లో లేకపోయినా అలాంటి చోట్ల ఉండే అవకాశం ఉంది.

ఈ రకం కార్డుల్లో నన్ను కలచివేసేది ఒకటుంది. వెనకాల దొర పేరు ఉంటుంది, దొరసాని పేరు ఉంటుంది, వాళ్ల కుక్క పేరు కూడా ఉండవచ్చు. మధ్యలో నిలబడ్డ తెలుగు టీచరు మాత్రం "మా టీచర్లలో ఒకరు". ఊళ్లో మొట్టమొదట చదువుకున్న ఆడమనిషి ఆవిడే కావచ్చు. గడప దాటి పొరుగు పల్లెకు నడిచి వెళ్లి అక్షరాలు దిద్దించిన మనిషి అలా పేరు లేకుండా సముద్రం దాటింది. అమ్మేవాళ్లు చెప్పే వెలలో ఆ లోటు లెక్కకు రాదు. వెనకాల ఒక్క తెలుగు పేరు రాసి ఉన్న కార్డును, అది ఎంత చిరిగినా, నేను మిగతావాటి కన్నా ఎత్తులో పెడతాను.

బయటి దేశాల్లో వెతికేవాళ్లు ఊళ్ల పాత స్పెల్లింగులు తెలుసుకోవాలి. బెజవాడను బెజ్వాడా అని, బందరును మసులిపటమ్ అని, ఏలూరును ఎల్లోర్ అని అడిగితేనే మనవి బయటపడతాయి. ఏలూరు కార్డును అజంతా–ఎల్లోరా పెట్టెలోనో, నెల్లూరు పెట్టెలోనో సర్దడం తెలియనివాళ్లకు చాలా తేలిక. అక్కడ కూడా చేయిపెట్టి చూడాలి.

ఇక మనింటి కార్డుల దగ్గరికి వద్దాం. నా దృష్టిలో డెల్టా ఫొటో కార్డుల అసలు నిధి ఊరి దృశ్యాల్లో లేదు, స్టూడియో బొమ్మల్లో ఉంది. "కార్డు సైజు" అంటే ఫొటో స్టూడియోలో ఒక కొలత. సుమారు మూడున్నర అంగుళాల వెడల్పు, ఐదున్నర అంగుళాల పొడుగు. అంతకన్నా పెద్దదైతే క్యాబినెట్ సైజు. మధ్యతరగతి ఇంటికి కార్డు సైజు అందుబాటు ధర. ఆ కాగితం వెనక పోస్టుకార్డు గీతలుండేవి కాబట్టి, తపాలాలో వేయకపోయినా మన ఇళ్లలో ఉన్నవెన్నో ఫొటో కార్డులే. చట్రంలో బిగించి గోడకు కొట్టేశారు కాబట్టి వెనకవైపు ఎవరూ చూడలేదు.

ఫొటో దిగడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయపడేవాళ్లుండేవారు. దిగాలనుకున్నవాళ్లు మంచిరోజు చూసుకుని, పట్టుబట్టలు మూట కట్టుకుని పట్నం బయల్దేరేవారు. స్టూడియోలో వెనక రంగుల తెర ఉంటుంది. దాని మీద మేడ మెట్లు, స్తంభాలు, ఎక్కడిదో తెలియని సరస్సు. ముందు ఒక నగిషీ కుర్చీ, ఎత్తైన బల్ల, దాని మీద పూలకుండీ. మగవాళ్లు పంచె మీద కోటు తొడిగి, ఉత్తరీయం వేసి, చేతిలో పుస్తకం పట్టుకునేవారు. చదువు రాకపోయినా పుస్తకం ఉండేది. భార్య కుర్చీ పక్కన నిలబడుతుంది. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కింద తల దూర్చి "కదలకండి" అనేవాడు. కదిలిన చంటిపిల్ల ముఖం పొగమంచులా పడేది. అలాంటి కార్డులను కూడా తల్లులు దాచుకున్నారు.

వీటన్నిటిలో అచ్చంగా మనదైన బొమ్మ పూలజడ ఫొటో. మల్లెలు, కనకాంబరాలు, మరువం జడ పొడుగునా కుట్టించి, వడ్డాణం, వంకీ పెట్టి ఆడపిల్లను పక్కకు తిప్పి కూర్చోబెడతారు. జడ కనపడాలి, ముఖమూ కనపడాలి. అందుకని వెనకాల నిలువుటద్దం పెట్టి, ఎదురుగా ముఖాన్ని, అద్దంలో జడను ఒకే బొమ్మలో పట్టేవారు. వేసవి సెలవుల్లో మల్లెలు వచ్చాక ఇది కోస్తా ఇళ్లలో పండగలాంటిది. తెల్ల పూలకూ నల్ల జడకూ రెంటికీ వివరం పోకుండా తీయడం చేయి తిరిగినవాడికే సాధ్యం. కార్డు సైజులో ప్రతి మొగ్గా లెక్కపెట్టేలా తీసిన ఆ మనుషుల పేర్లు మన కళాచరిత్రల్లో ఎక్కడా కనపడవు. ఎక్కాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఫొటో తీయడంతో పని అయిపోయేది కాదు. గాజు ప్లేటు కడిగి ఆరబెట్టాలి. నెగటివు మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు, ముడతలు సరిచేయాలి. దాన్నే స్టూడియోల్లో "టచింగ్" అనేవారు. ప్లేటును కాగితానికి ఆనించి, వెలుతురు చూపించి, డెవలపరులో, హైపోలో ముంచి, నీళ్లు మార్చి మార్చి కడగాలి. ఈ ఆఖరి కడుగుడు దగ్గర తొందరపడ్డ కార్డులు ఇప్పుడు పసుపు పచ్చగా మారి మాయమైపోతున్నాయి. ఓపిగ్గా కడిగినవి నిన్న తీసినట్టున్నాయి.

కార్డు వెనక మన రాతకూ ఒక పద్ధతి ఉంది. "ఇక్కడ మేమందరం క్షేమం, మీ క్షేమం తెలియజేయవలెను" అనే మాటతో మొదలు. శుభవార్త అయితే నాలుగు మూలలా పసుపు. ఆ పసుపు మరక ఇంకా నిలిచి ఉన్న కార్డులున్నాయి. చావు కబురు కార్డుకు మాత్రం పైన "అశుభం" అని రాసేవారు. దాన్ని గడప బయటే చదివి, చించి పారేసి, స్నానం చేసి లోపలికి వచ్చేవారు. అందువల్ల మన ఇళ్లలో మిగిలిన కార్డుల్లో పెళ్లిళ్లు, పురుళ్లు, పరీక్షలు, పంటలే కనపడతాయి. సగం చరిత్ర గడప అవతలే చిరిగిపోయింది. పాత కార్డులు చదివి ఆ కాలం ఎంత చల్లగా గడిచిందో అనుకునేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

తేదీ లేని కార్డు వయసు కట్టడం ఈ వ్యాపకంలో అన్నిటికన్నా ఇష్టమైన పని. తపాలా బిళ్ల మీద ఏడో ఎడ్వర్డు ఉంటే 1902 తర్వాతిది. ఐదో జార్జి అయితే 1911 తర్వాతిది. ఆరో జార్జి 1937 నుంచి. కాలణా రేటు 1922లో అర్ధణా అయింది. బాల్ పెన్నుతో రాసి ఉంటే స్వాతంత్ర్యం తర్వాతి రాత అనుకోవచ్చు. రాత తర్వాతిదైనా ఫొటో పాతది కావచ్చు. మన పెద్దలు తెలుగు సంవత్సరం పేరు రాసి వదిలేస్తారు. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది. "రౌద్రి" అంటే 1920–21, లేదా 1980–81. పంచె కట్టు, కాగితం చూస్తే ఏదో తేలిపోతుంది. నదిలో బ్యారేజీ కనపడితే 1957 డిసెంబరు తర్వాతిది. పాత ఆనకట్టకు 1952లో గండి పడ్డాక కట్టినదే ప్రకాశం బ్యారేజీ.

ఆ రౌద్రి చివరి రోజుల్లోనే బెజవాడ దేశం దృష్టిలో పడింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడ సమావేశమైంది. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య తన జెండాను గాంధీకి చూపింది అప్పుడే. నాయకుల బొమ్మలు ఫొటో కార్డులుగా ఆ రోజుల్లో దేశమంతా అమ్ముడయ్యేవి. "బెజవాడలో గాంధీ, 1921" అని చెప్పి ఎవరైనా కార్డు చూపిస్తే ముందు ఆయన బట్టలు చూడండి. గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టింది 1921 సెప్టెంబరు 22న, మదురైలో. కొల్లాయితో ఉన్న బొమ్మ ఆ వసంతంలోని బెజవాడది కాదు.

అదే 1921లో బెజవాడలో మారుతీ టాకీసు అనే సినిమా హాలు వచ్చింది. సినిమాకూ ఫొటో స్టూడియోకూ చుట్టరికం అంతకుముందే ఉంది. బందరులో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య ఆ స్టూడియోను తాకట్టు పెట్టి బొమ్మలు ఆడించే యంత్రం తెప్పించాడని ప్రసిద్ధి. తెలుగు సినిమా ఒక ఫొటోగ్రాఫరు సాహసంతో పుట్టింది. నాటకాల వాళ్లూ వేషాలతో స్టూడియోల్లో ఫొటోలు దిగారు. తెనాలి నాటకరంగాన్ని ఏలిన స్థానం నరసింహారావు వేసిన సత్యభామ ఎలా నిలబడిందో మనకు తెలిసేది ఫొటోల వల్లే. తర్వాత సినిమా తారల సంతకాలతో కార్డు సైజు బొమ్మలు అభిమానుల ఇళ్లకు వచ్చాయి. నిమ్మకూరు నుంచి ఎన్టీఆర్, గుడివాడ పక్క రామాపురం నుంచి ఏఎన్నార్ తెర మీదికి వెళ్లాక కృష్ణా జిల్లాలో వాళ్ల బొమ్మ లేని పెట్టె అరుదు. వాటి మీద పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒకే బొమ్మ వేల కాపీలు.

రోల్ ఫిల్ము వచ్చి గాజు ప్లేటును తోసేసింది. ఎనభయ్యో దశకంలో రంగుల ల్యాబులు వచ్చి డార్క్ రూములు మూయించాయి. పోస్టుకార్డు వీపు ఉన్న కాగితం మార్కెట్లో లేకుండా పోయింది. స్టూడియోలు చేతులు మారినప్పుడు గాజు నెగటివులు గీకి, కడిగి, పటాలు కట్టేవాళ్లకు అద్దాలుగా అమ్మేశారు. అలా తాతల ముఖాలు దేవుడి పటాల ముందు ఖాళీ గాజులయ్యాయి. ఇది దేశమంతా జరిగింది. జరిగిన ప్రతిచోటా ఒక ఊరి జ్ఞాపకం చెరిగింది.

నీరు చేసిన నష్టం ఇంకో వైపు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది. బతికినవాళ్లకు పోయినవాళ్ల బొమ్మ కూడా మిగలనివ్వలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్, పాయకాపురం ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అదే వరదలో బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు తాకింది, అంతకుముందెన్నడూ నమోదు కానంత. నీళ్లు తీశాక రోడ్ల మీద పోసిన చెత్తలో పరుపులు, ఫ్రిజ్‌లతో పాటు ఆల్బములూ ఉన్నాయి. వాటిలో చాలా బతికేవి. తడిసిన బ్రోమైడు ఫొటోలు ఒకదానికొకటి అంటుకుని ఆరితేనే నాశనం. ఆరకముందే మంచినీళ్ల తొట్టెలో వేసి, మెల్లగా విడదీసి, బొమ్మవైపు ముట్టుకోకుండా బురద కడిగి, బొమ్మ పైకి వచ్చేలా నూలుగుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. వెనక సిరా రాత ఉంటే ముందే ఫోన్‌తో దాని ఫొటో తీసుకోవాలి, సిరా నీళ్లలో కరుగుతుంది. మామూలు రోజుల్లో జిగురు పేజీల ఆల్బముల్లోంచి వాటిని తీసి కాగితం కవర్లలో ఉంచాలి. గోడ చెమ్మకు, చెదలకు దూరంగా పెట్టాలి. వెనక పేరు రాసేటప్పుడు మెత్తటి పెన్సిలే వాడాలి.

దేశంలో ఈ కార్డుల మీద మంచి పని మొదలైంది. ఒమర్ ఖాన్ పుస్తకం 'పేపర్ జ్యుయెల్స్' 2018లో వచ్చి, బ్రిటిష్ కాలపు బొమ్మల కార్డులను ఎవరు తీశారు, ఎవరు అచ్చు వేశారు అని వరసగా విప్పి చెప్పింది. మన డెల్టాకు అలాంటి పుస్తకం రావాలి. దానికి కావలసిన సరుకు బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో పుస్తకాల మధ్య నలుగుతోంది, గుడివాడ, రేపల్లె, అవనిగడ్డ ఇళ్లలో ఇనప్పెట్టెల అడుగున ఉంది.

ఈ పనిలో వెంటనే చేయదగ్గది ఒకటి నాకు కనపడుతోంది. మిషన్ కార్డుల మీద ఊరి పేరు, సంవత్సరం చాలాసార్లు ఉంటాయి. మనుషుల పేర్లే ఉండవు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసుకున్న పాత రిజిస్టర్లు ఇక్కడి చర్చిల బీరువాల్లో దొరుకుతాయి. ఆ ఏడాది ఆ ఊళ్లో బడి నడిపినదెవరో మిషన్ వార్షిక నివేదికల్లో ఉంటుంది. విదేశాల నుంచి ఆ కార్డుల స్కాన్లు తెప్పించి, రెండు వైపులా ముద్రించి, ఉయ్యూరు, అవనిగడ్డ చర్చిల్లో ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దవాళ్ల ముందు పెడితే, తొంభై ఏళ్ల వాళ్లు కొందరు తమ తల్లిని, తమకు అక్షరాలు నేర్పిన పంతులమ్మను గుర్తుపట్టగలరు. ఆ వయసు వాళ్లు ఇప్పటికే వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. వచ్చే కృష్ణా పుష్కరాలు 2028లో. ఆ లోపే ఈ పని మొదలుకావాలి.